కీమో అంటే చాలదు, మందు పేరు అడగండి

నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి క్యాన్సర్ వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్ళ నోట రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. కీమో అంటే ఒంట్లోకి ఎక్కించే ఫ్యాక్టరీ విషం అన్నది ఒకటి. చెట్టుమందు ఏ హానీ చెయ్యదు, పక్కన అదీ వాడుకుంటే తప్పేముంది అన్నది రెండోది. ఒకే మనిషి ఒకే పూట రెండూ అంటాడు. అతని చేతికి ఎక్కుతున్న సీసాలో ఉన్నది చెట్టుమందే కావచ్చునని ఎవరూ చెప్పి ఉండరు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. పాక్లిటాక్సెల్ యూ అనే చెట్టు బెరడు నుంచి, ఇరినోటెకాన్ చైనా చెట్టు ఒకదాని నుంచి, ఎటోపోసైడ్ కొండల్లో పెరిగే పోడోఫిల్లమ్ వేరు నుంచి వచ్చాయి.

వీటిలో ఏదీ మెత్తని మందు కాదు. మొక్క ఈ పదార్థాలను మన కోసం తయారు చేసుకోలేదు, తనను తినే పురుగూ పశువూ దగ్గరికి రాకుండా తయారు చేసుకుంది. అందుకే మొక్కదా, రసాయనమా అని అడగడం వృథా. ఏ పదార్థం, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ దారిన, ఎంతసేపట్లో అని అడగాలి. ఈ నాలుగూ తెలిస్తే సైడ్ ఎఫెక్టు ఎక్కడ వస్తుందో, ఏ రోజు వస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. 'నాన్నకు కీమో పడింది' అని మాత్రమే తెలిసి ఊరికి బయల్దేరే కుటుంబానికి ఆ అవకాశం ఉండదు.

దారి ఎంత ముఖ్యమో బిళ్ళగన్నేరు కథే చెబుతుంది. మడగాస్కర్ నుంచి వచ్చి మన పెరళ్ళలో స్థిరపడిన ఈ మొక్కను తమిళంలో నిత్యకల్యాణి అంటారు. షుగరుకు దీని ఆకు కషాయం తాగే అలవాటు చాలా దేశాల్లో ఉంది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, ఛార్లెస్ బీర్ ఆ గుణాన్నే పరీక్షించబోయారు. ఎలుకల నోట్లో పోస్తే షుగరు తగ్గలేదు, ఇంకేమీ కాలేదు. అదే రసాన్ని సూదితో ఎక్కిస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయాయి. చూస్తే వాటి తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నాయి. 1958కల్లా విన్‌బ్లాస్టిన్ బయటపడింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఇప్పటికీ అది లేకుండా పని జరగదు.

ఇప్పుడు కషాయం లెక్క చూడండి. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టిన్ ఆకులో ఇంకా తక్కువ. గుప్పెడు ఆకులు మరిగిస్తే క్యాన్సర్‌కు సరిపడే మందు రాదు. పోనీ ఏమీ లేని నీళ్ళా అంటే అదీ కాదు. ఈ మొక్కలో ఆల్కలాయిడ్లు అనే ఘాటైన రసాయనాలు నూరుకు పైగా ఉన్నాయి. వేరులో ఉండే అజ్మలిసిన్ బీపీని తగ్గిస్తుంది. కీమో నడుస్తుండగా వాంతులతో తిండి తగ్గిన మనిషి, షుగరు మాత్ర, బీపీ మాత్ర వేసుకుంటూ పైన ఈ కషాయం తాగితే, కళ్ళు తిరిగి పడినప్పుడు ఏది పడేసిందో డాక్టరుకు అంతుపట్టదు. తాగుతున్నట్టు చెప్పరు కాబట్టి అడిగినా తెలియదు.

ఈ మందులు చేసే పని ఏమిటి? కణం రెండుగా చీలేముందు లోపల సన్నని గొట్టాలు లేస్తాయి. వాటిని మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని అవి తయారవుతాయి, క్రోమోజోములను చెరో పక్కకు లాగాక విడిపోతాయి. ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటివి: వేళకు లేవాలి, వేళకు దిగాలి. బిళ్ళగన్నేరు మందులు ట్యూబ్యులిన్‌ను పట్టుకుని పరంజాను లేవనివ్వవు. పాక్లిటాక్సెల్ లేచినదాన్ని దిగనివ్వదు. ఆ రెండో పద్ధతిని సుసాన్ హార్విట్జ్ బృందం 1979లో చూపించింది. అప్పటివరకు తెలిసిన మందులకు అది పూర్తిగా తలకిందులు. ఎలా చేసినా కణం చీలిక మధ్యలో ఇరుక్కుని చచ్చిపోతుంది.

చిక్కేమిటంటే ఈ గొట్టాలు చీలే కణాలకే పరిమితం కావు. నరాల్లోనూ ఉన్నాయి. నడుము దగ్గరి నరకణం నుంచి కాలి బొటనవేలి దాకా దాదాపు మీటరు పొడవున సరుకు మోసేది వీటి మీదే. రవాణా దెబ్బతింటే అన్నిటికంటే పొడవైన నరం ముందు దెబ్బతింటుంది. అందుకే తిమ్మిర్లు కాలివేళ్ళలో మొదలై పైకి పాకుతాయి, తరవాత చేతివేళ్ళకు వస్తాయి. కీమో కదా, నీరసం అని దీన్ని కొట్టిపారేయకూడదు. నీరసంలో చెప్పు కాలి నుంచి జారిపోతే తెలుస్తుంది. ఇందులో నాలుగడుగులు వేశాక వెనక్కి చూస్తే గానీ తెలియదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోవడం, చొక్కా గుండీలు చేతికి అందకపోవడం, మెట్లు ఎక్కేటప్పుడు పాదం ముందుభాగం ఈడ్చుకుపోవడం: డాక్టరుకు చెప్పాల్సిన మాటలు ఇవి. 'కొంచెం తిమ్మిరి సార్' అంటే డోసు మారదు. 'హుక్కులు పెట్టుకోలేకపోతోంది' అంటే మారవచ్చు.

విన్‌క్రిస్టిన్ డోసు పెద్దవాళ్ళకు శరీర వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు 1.4 మి.గ్రా. మనిషి ఎంత పెద్దగా ఉన్నా సాధారణంగా ఒకసారికి 2 మి.గ్రా. దాటించరు. కారణం నరాలే. ఎముక మూలుగను ఇది పెద్దగా తాకదు. అందువల్ల రక్తపరీక్ష బాగుంది కాబట్టి అంతా బాగుందనుకోవడం ఈ మందు విషయంలో పెద్ద పొరపాటు. పేగును కదిలించే నరాలూ మొద్దుబారతాయి. మామూలు మలబద్ధకంతో మొదలై, పేగు కదలిక పూర్తిగా ఆగి, పొట్ట ఉబ్బి, వాంతులయ్యే దాకా పోవచ్చు. మూడు రోజులు ఆగి చూద్దామని కూర్చోకుండా మందు పడిన రోజు నుంచే డాక్టరు రాసిన లాక్టులోజ్ లాంటిది మొదలుపెట్టాలి. నీళ్ళు సరిగా తాగని మనిషికి ఇసబ్‌గోల్ పోస్తే కదలని పేగులో అది ఉండకట్టి పరిస్థితి ఇంకా చెడవచ్చు. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు ఇంట్లో ఎనిమా పెట్టడం అసలే వద్దు. దవడ నొప్పి వస్తే పన్ను అనుకుని డెంటిస్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళున్నారు. గొంతు బొంగురుపోవడమూ ఈ మందు పనే కావచ్చు.

దారి గురించి ఇక్కడ ఇంకోమాట. విన్‌క్రిస్టిన్ నరంలోకి, అంటే రక్తనాళంలోకి మాత్రమే ఎక్కాలి. రక్త క్యాన్సర్ చికిత్సలో వెన్నులోకి ఇచ్చే మందులు వేరే ఉంటాయి. పొరపాటున ఇది వెన్నులోకి వెళితే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది. ఇలాంటి మరణాలు ప్రపంచంలో చాలాచోట్ల జరిగాకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరిక చేసింది: దీన్ని సిరంజిలో పెట్టకండి, చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వండి. సంచిని వెన్నుసూదికి ఎవరూ తగిలించరు, అందులోని తెలివి అంతే. మీ పిల్లవాడికి ఒకే రోజు వెన్నుసూదీ విన్‌క్రిస్టిన్‌ కూడా రాసి ఉంటే, రెండూ ఒకే ట్రేలో వస్తున్నాయా అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. ఎక్కుతుండగా సూది దగ్గర మంట, వాపు వస్తే వెంటనే సిస్టర్‌ని పిలవాలి. చాలా కీమో మందులు బయటికి కారితే చల్లటి కాపడం పెడతారు. బిళ్ళగన్నేరు మందులకు మాత్రం వెచ్చటి కాపడం. మందు పేరు తెలియని మనిషి మంచి ఉద్దేశంతోనే ఐసు తెచ్చి పెడతాడు.

దీని వెనకే ఇంకో ప్రమాదం, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చెన్నై ఉక్కలో తామర రానివాళ్ళు తక్కువ. మందుల షాపులో చీటీ లేకుండానే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ చేతిలో పెడతారు. విన్‌క్రిస్టిన్‌ను విరిచి బయటికి పంపే కాలేయపు ఎంజైమును ఈ ఇట్రాకొనజోల్ అడ్డుకుంటుంది. మందు ఒంట్లో నిలిచిపోయి నరాల మీద విరుచుకుపడుతుంది. వొరికొనజోల్, పొసకొనజోల్ అనే ఫంగస్ మందులూ అంతే. తామర మాత్ర కీమోకు అడ్డమొస్తుందని ఎవరికి తడుతుంది? మందు పేరు చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంటే షాపువాడికైనా తట్టే వీలుంది.

పాక్లిటాక్సెల్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో బాగా ఎక్కువగా వాడే మందు ఇది. 1962లో అమెరికా పడమటి తీరపు అడవుల్లో కోసిన యూ బెరడు నుంచి మన్‌రో వాల్, మహారాష్ట్రలో పుట్టిన మన్సుఖ్ వాణి దీన్ని వేరుచేసి, 1971లో నిర్మాణం ప్రకటించారు. అనుమతి 1992 దాకా రాలేదు. కారణాల్లో ఒకటి చెట్టు: నూరేళ్ళ చెట్టు బెరడంతా ఒలిస్తే ఒక మనిషికి ఒక డోసు వచ్చేది. తరవాత యూ ఆకుల నుంచి సగం తయారైన పదార్థం తీసి మిగతాది ల్యాబులో పూర్తిచేయడం నేర్చుకున్నారు కాబట్టి ఇప్పుడు మందు దొరుకుతోంది. రెండో కారణం నీళ్ళు: ఇది నీళ్ళలో కరగదు. కరిగించడానికి ఆముదం నుంచి చేసిన క్రెమోఫోర్ అనే ద్రవాన్నీ ఆల్కహాలునూ చెరిసగం కలిపి వాడారు. ఇవాళ్టికీ మామూలు పాక్లిటాక్సెల్ వయల్‌లో ఉండేది అదే.

ఉదాహరణకు 155 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువున్న ఒక ఆవిడను తీసుకోండి. ఆమెకు శరీర వైశాల్యం 1.6 చదరపు మీటర్లు. మూడు వారాలకోసారి పద్ధతిలో చదరపు మీటరుకు 175 మి.గ్రా. చొప్పున 280 మి.గ్రా. కావాలి. వయల్‌లో మిల్లీలీటరుకు 6 మి.గ్రా. ఉంటుంది కాబట్టి దాదాపు 47 మి.లీ. అందులో 23 మి.లీ. ఆల్కహాలే. రెండు చిన్న పెగ్గులకు కాస్త తక్కువ, అదీ నేరుగా రక్తంలోకి. పైన అలర్జీ రాకుండా ఇచ్చే సూది మత్తు ఉండనే ఉంది. కీమో అయ్యాక ఆమెకు స్కూటీ తాళం ఇవ్వడం ఎంత అన్యాయమో ఈ లెక్కే చెబుతుంది.

క్రెమోఫోర్ వల్లే ఈ మందు ఎక్కించే తీరు వేరుగా ఉంటుంది. మామూలు పీవీసీ ట్యూబులోంచి అది ప్లాస్టిక్ మెత్తబరిచే రసాయనాన్ని లాక్కుంటుంది, అందుకని పీవీసీ కాని సెట్టు వాడతారు, మధ్యలో 0.22 మైక్రాన్ల ఫిల్టరు పెడతారు. మూడు గంటలు ఎక్కుతుంది. భయమంతా మొదటి పది నిమిషాల్లో, అదీ మొదటి రెండు సైకిళ్ళలో, అంటే కీమో విడతల్లో. ముఖం, మెడ ఒక్కసారిగా ఎర్రబడి వేడెక్కుతాయి. ఛాతీ బిగిస్తుంది. నడుము పట్టేసినట్టు నొప్పి వస్తుంది, దాన్ని పడుకున్న తీరు వల్ల అనుకుని మనవాళ్ళు దిండు సర్దుతారు. దిండు తరవాత, ముందు సిస్టర్‌ని కేకేయండి. ఆమె డ్రిప్ ఆపేస్తుంది. చాలామందిలో ఆపి, మందులిచ్చి, నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ముందుజాగ్రత్త మందులిచ్చినా నూటికి ఇద్దరి నుంచి నలుగురిలో తీవ్రమైన రియాక్షన్ వస్తుంది.

ఆ ముందుజాగ్రత్తే చాలామంది తప్పే చోటు. పాత పద్ధతిలో డెక్సామెథాసోన్ 20 మి.గ్రా. కీమోకు 12 గంటల ముందు ఒకసారి, 6 గంటల ముందు ఇంకోసారి వేసుకోవాలి. పదింటికి కీమో అంటే రాత్రి పదికి, తెల్లవారుజామున నాలుగుకి. నెల్లూరు నుంచి తెల్లవారుజాము బండి పట్టుకునే హడావిడిలో నాలుగింటి మాత్రలు సంచిలోనే ఉండిపోతాయి. కీమో గదిలో 'వేసుకున్నారా?' అంటే, వాయిదా వేస్తారేమోనని 'వేసుకున్నాం' అంటారు. వేసుకోలేదని చెబితే అరగంట ముందు అదే మందు నరంలోకి ఇస్తారు, వాయిదా అక్కర్లేదు. చాలా ఆసుపత్రులు ఇప్పుడు మొదటి నుంచీ అలాగే ఇస్తున్నాయి. ఆ స్టెరాయిడ్ వల్ల షుగరు ఒకటి రెండు రోజులు ఎగబాకుతుంది. ఆ రెండు రోజులూ గ్లూకోమీటరు దగ్గరుండాలి, ఇన్సులిన్ ఎంత పెంచాలో బయల్దేరే ముందే రాయించుకోవాలి.

తరవాత క్యాలెండరు. రెండో మూడో రోజు ఒళ్ళూ కీళ్ళూ విరిచేసినట్టు నొప్పులు వచ్చి, వారంలోపు తగ్గుతాయి. తెల్లకణాలు 8 నుంచి 11 రోజుల మధ్య అడుగుకు చేరతాయి. జుట్టు రెండు మూడు వారాలకు రాలుతుంది, కనుబొమలూ రాలవచ్చు. తిమ్మిరి డోసు డోసుకీ పేరుకుంటుంది. దానికి 'నరాల బలం' మాత్రలు కొనే ముందు అట్ట వెనక చదవండి: అందులో ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉంటే వద్దు. తిమ్మిరి రాకుండా ఆపుతుందేమోనని పాక్లిటాక్సెల్ వాడేవాళ్ళకు అది ఇచ్చి చూస్తే తిమ్మిరి ఇంకా ఎక్కువైంది. నొప్పితో కూడిన తిమ్మిరికి ఆధారాలతో సిఫారసు చేసే మందు డులోక్సెటిన్ ఒక్కటే, అదీ డాక్టరు రాస్తేనే. ఇంట్లోనూ చెప్పులు వేసుకోవాలి. స్పర్శ తగ్గిన కాళ్ళతో ఎండాకాలం గుడి ప్రాకారంలో కాలే బండ మీద నడిస్తే, బొబ్బలు లేచాక గానీ తెలియదు. దేవుడు సాక్సులకు కోపగించుకోడు.

ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్‌తో చేసిన నాబ్ పాక్లిటాక్సెల్‌లో క్రెమోఫోర్ లేదు. అరగంటలో ఎక్కుతుంది, స్టెరాయిడ్ సాధారణంగా అవసరం పడదు. ఖరీదు ఎక్కువ కాబట్టి నరాలకు మంచిదనుకోకండి. తిమ్మిరి తెచ్చేది పాక్లిటాక్సెలే, అది ఇందులోనూ ఉంది. డోసెటాక్సెల్ వీటికి దాయాది. దానికి స్టెరాయిడ్ మాత్రలు ముందురోజు నుంచి మూడు రోజులు, రియాక్షన్ రాకుండానే కాదు, ఒంట్లో నీరు పట్టకుండా కూడా. గోళ్ళు నల్లబడి ఊడటం, కళ్ళ నీళ్ళు కారుతూనే ఉండటం దీని గుర్తులు.

ఇరినోటెకాన్‌కు పరంజాతో సంబంధం లేదు. డీఎన్ఏ మెలి విప్పే టోపోఐసోమరేజ్ 1 అనే ఎంజైమును తెగిన పోగు దగ్గరే పట్టి ఉంచుతుంది. దీని మూలమైన కాంప్టోథెసిన్‌ను 1966లో కనిపెట్టింది కూడా వాల్, వాణిలే. ఇదే పదార్థం మన పడమటి కనుమల చెట్టులో పుష్కలంగా ఉందని, ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పనిచేసిన టీ.ఆర్. గోవిందాచారి, ఎన్. విశ్వనాథన్ 1972లో ప్రకటించారు. ఆ ప్రకటన ఆ చెట్టుకు శాపమైంది, అడవుల్లో విపరీతంగా నరికారు.

దీని విరేచనాలు రెండు రకాలు, మందూ రెండు రకాలు. మొదటిది మందు ఎక్కుతుండగానో, ఆ రోజులోపో: చెమటలు, నోట్లో నీళ్ళూరడం, కడుపులో మెలి. దీనికి అట్రోపిన్ సూది, ఆసుపత్రిలోనే తేలిపోతుంది. రెండోది చాలాసార్లు ఐదో రోజు చుట్టూ వస్తుంది. అప్పటికి మనిషి చెన్నైలో ఉండడు, కావలిలో ఉంటాడు. కాలేయం ఈ మందు విషాన్ని చక్కెర ముక్కతో కట్టి పిత్తంలో పారేస్తుంది, పేగులోని బాక్టీరియా ఆ కట్టు విప్పి మళ్ళీ వదులుతుంది. పేగు పొర ఒలిచినట్టవుతుంది. మొదటి పలచని విరేచనానికే లోపెరమైడ్ 2 మి.గ్రా. మాత్రలు రెండు, ఆపైన ప్రతి రెండు గంటలకు ఒకటి, రాత్రయితే నాలుగు గంటలకు రెండు, 12 గంటలు విరేచనం లేకుండా గడిచేదాకా. అట్ట మీద రాసిన దానికంటే ఇది ఎక్కువ, మందుల షాపువాడు వద్దంటాడు. కాబట్టి డాక్టరు చేత్తో కాగితం మీద రాయించుకుని, మాత్రలు చెన్నైలోనే కొనుక్కుని వెళ్ళాలి. 48 గంటలు దాటినా, జ్వరం ఉన్నా, రక్తం పడినా, వాంతులతో ఓఆర్ఎస్ నిలవకపోయినా మాత్రలతో కాలక్షేపం చెయ్యకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళాలి. మే నెల ఎండల్లో ఒక్క రోజు ఆలస్యానికి కిడ్నీలు దెబ్బతినవచ్చు.

ఎటోపోసైడ్ సంగతి క్లుప్తంగా. పోడోఫిల్లమ్‌లోని అసలు పదార్థం ట్యూబ్యులిన్‌నే పట్టుకుంటుంది. దాన్ని ల్యాబులో మారిస్తే వచ్చిన ఎటోపోసైడ్ మాత్రం టోపోఐసోమరేజ్ 2 అనే దాయాది ఎంజైమును పట్టుకుంటుంది. త్వరగా ఎక్కిస్తే బీపీ పడిపోతుంది, అందుకే కనీసం అరగంట నుంచి గంట. బస్సుకు టైమవుతోందని డ్రిప్ చక్రం తిప్పే అటెండెంట్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, చెప్పేది తమిళంలో, వినేది తెలుగువాళ్ళు. మూడు భాషల మధ్య మందు పేరు జారిపోతుంది. ప్రోటోకాల్ అక్షరాలు, అంటే ఏ మందులు కలిపి ఇస్తారో చెప్పే పొట్టిపేర్లు, చదవడం నేర్చుకుంటే కొంత నయం. ఆర్-చాప్‌లో 'ఓ' అంటే విన్‌క్రిస్టిన్. ఏబీవీడీలో 'వీ' విన్‌బ్లాస్టిన్. ఫోల్ఫిరి చివర 'ఇరి' ఇరినోటెకాన్. బీఈపీలో 'ఈ' ఎటోపోసైడ్. ఏసీ-టీలో 'టీ' పాక్లిటాక్సెల్ కావచ్చు, డోసెటాక్సెల్ కావచ్చు, అడిగి తీరాలి. పేరు, మి.గ్రా., తేదీ తెలుగులో ఒక నోటుబుక్కులో రాసుకోండి. పక్కనే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ అని రాయండి. ఆ గీత దాటితే ఏ మందైనా, అర్ధరాత్రైనా ఆసుపత్రికే. పారాసిటమాల్ వేసి తెల్లారనిద్దామంటే, వేడి తగ్గి ఇన్‌ఫెక్షన్ దాక్కుంటుంది.

చికిత్స ముగిశాక కూడా ఆ నోటుబుక్కు పారేయొద్దు. విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ ఆపేశాక తిమ్మిరి కొన్నిసార్లు కొన్ని వారాలు పెరిగి గానీ తగ్గడం మొదలుపెట్టదు. కొందరికి కొంత మిగిలిపోతుంది. ఎటోపోసైడ్ వల్ల అరుదుగా రెండు మూడేళ్ళకు రక్త క్యాన్సర్ రావచ్చు. అప్పుడు ఊళ్ళో కొత్త డాక్టరు రక్తపరీక్ష చూస్తూ 'ఇంతకు ముందు ఏం వాడారు?' అని అడిగితే, ఎటోపోసైడ్ మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది ఆ పేజీలోనే దొరుకుతుంది.